ఉప్పు వేసిన ఎర్ర

కాలువలకింకా నీళ్లు వదల్లేదు.
తొలి వాన పడి పది రోజులు.
బ్యారేజీ దిగువన, సీతానగరం వైపు,
రాళ్ల మధ్య మిగిలిన మడుగు ఒడ్డున
తువ్వాలు పరిచి మూడు పొట్లాలు విప్పాను.
మార్కులు వేయడానికి పిల్లాడి పాత లెక్కల నోటుబుక్కు.

మొదటిది పరాయి దేశపుది.
ఎనిమిదింటికి ఎనిమిది వందలు.
గుమ్మడి తొక్క రంగు, మీద ఆవాలు చిట్లినట్టు నల్ల చుక్కలు,
ముక్కు దగ్గర పెడితే వెల్లుల్లి.
ఇంట్లో చెప్పిన ధర వేరు, అది ఇక్కడ రాయను.

రెండోది వన్‌టౌన్‌లో
బొమ్మల కొట్టు మెట్ల కింద దొరికింది.
ఇరవైకి నూట యాభై.
లాగినంత సాగుతుంది, తెగదు,
వాయిదా అడిగే బావమరిదిలా.
నీళ్లలో వేస్తే తేలింది.
ఎర్ర తేలడమేమిటి, సిగ్గులేకుండా!

మూడోది జోజిబాబు పోసింది.
ఆటోనగర్‌లో లారీలకు బుష్షులు పోసే చెయ్యి.
పళ్ల డాక్టర్ని బతిమాలి తెచ్చిన పిండితో అచ్చు కట్టి,
నేను పారేసిన తునకలన్నీ కరిగించి,
చెంచాడు కల్లుప్పు మెత్తగా నూరి కలిపాడు.
ఉప్పెందుకురా అంటే
"బరువుకన్నా. రాయిలా మునగదు,
ఆలోచించుకుంటా మునుగుద్ది" అన్నాడు.

నడుం మధ్యన గాలం గుచ్చి వదిలాను.
పరాయిది బాగా దిగింది, కాదనను.
రెండు కొసలూ సన్నగా వణుకుతూ
నిద్రలోకి జారే పసిదాని వేళ్లలా.
ఒక్క జెల్ల కొరికింది.
రెండు ముక్కలు. నూరు రూపాయలు.

పక్క రాతి మీద వజ్రమ్మ.
పాలడబ్బాలో తడిమట్టి, మట్టిలో కదలిక.
నా తువ్వాలు వంక చూసి
"బంగారం కొట్టు పెట్టావా అయ్యా?" అంది.
జోజిబాబుది ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి
"గుచ్చేటప్పుడు మెలికపడదుగా,
మరి నీ చేతికెట్టా తెలుస్తది?" అంది.
ఏం తెలియాలో చెప్పలేదు.

ఎరకూ ఎర్రకూ ఒక్క వత్తు తేడా.
దాన్ని అచ్చులో పోయలేక
ఉప్పూ వెల్లుల్లీ మెరుపు పొడీ పోస్తున్నాం.

మధ్యాహ్నం దాటాక
గుర్రపుడెక్క అంచున నీళ్లు ఎరుపెక్కాయి.
కొర్రమీను పిల్లలు.
చారెడు కుంకుమ, తనంతట తాను కలుస్తూ విడిపోతూ.
చెయ్యి ఆగలేదు. ఆ చారెడు పక్కనే వదిలాను
ఉప్పు వేసిన ఎర్రని.
అది ఆలోచించుకుంటా మునిగింది.

కింది నుంచి నలుపు లేచింది.
కర్ర వంగింది, రీలు కీచుమంది,
నా మోచెయ్యి దాకా ఒక కోపం ఎక్కింది.

"అది తింటానికి రాలా," వజ్రమ్మ నిలబడింది,
"తరమటానికొచ్చింది. దారం వదులు చెయ్!"
నేను వదిలానో, అదే ఉమ్మేసిందో
ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.
కుంకుమ మళ్లీ ఒకచోట చేరింది.
దాని కింద నీడ.

వజ్రమ్మ ఇరవై అడుగులు అవతలికి పోయి
డబ్బాలోంచి ఒకటి తీసి, గుచ్చే ముందు
పెదాలు కదిపింది. తిట్టో, మొక్కో.
సాయంత్రానికి నాలుగు గొరకలు పట్టింది.
ఒకటి నా సంచిలో వేసింది, అడక్కుండానే,
ఖాళీ సంచీ చూడలేక.

నోటుబుక్కులో గళ్లు గీసుకున్నాను కదా:
మునక, వణుకు, మన్నిక, వాసన.
కోపానికి గడి లేదు.
బస్సులో కూచుని, జేబులోంచి తీసి
మూడో ఎర్ర మీద గాట్లు లెక్కపెట్టాను.
ఒకవైపు పదకొండు. రెండోవైపు
వారధి లైట్ల కింద సరిగా కనపళ్లేదు.
చిరగలేదు మాత్రం.

రాత్రి జోజిబాబు ఫోన్.
"ఎన్నేశావ్ మనదానికి?"
ఉప్పు కొంచెం తగ్గించరా, అన్నాను.
"అదేంటి? తేలిపోద్ది కదా!"

తేలనీ, అన్నాను.